పుట్టంగండి నుండి వాడపల్లి వరకు

నాగార్జునసాగరమునకు పోవు బాటలో పెద్దవూర చేరుసరికి ఎఱ్ఱని చల్క నేలలును, ఎవరో దొర్లించి మఱచిపోయినట్లున్న రాతి గుండ్లును, వాని సందున తుమ్మలును తంగేళ్ళును, అచ్చటచ్చట పత్తిచేలును కనబడును. జనసమ్మర్దము లేదు, పొగగొట్టములు లేవు, అంగళ్ళ వరుస ముగియగానే ఊరు ముగియును. ఇట్టి చోట నిలిచి ‘ఇచ్చటి ప్రకృతిపై మానవుని భారమెంత?’ యని యెవరైన నడిగినచో, ‘మనుష్యులే తక్కువ గదా, భారమేముండును!’ అని బదులు చెప్పుట సహజము. లెక్కలును ఆ బదులునే బలపఱచునట్లు తోచును: 2011 జనాభా లెక్కల ననుసరించి నాటి అవిభక్త నల్లగొండ జిల్లాలో 14,240 చదరపు కిలోమీటర్ల నేలపై 34,88,809 మంది నివసించుచుండిరి, అనగా చదరపు కిలోమీటరునకు 245 మంది, ఆ సంవత్సరమున దేశపు సగటు 382. కాని ఈ పెద్దవూరకు చేరువలోనే, సాగర జలాశయపు టంచున, పుట్టంగండి యను చోట పంపులు కృష్ణ నీటిని పైకి తోడుచుండును. ఆ నీటిలో నొక పాలు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న హైదరాబాదు నగరపు కుళాయిలలో పడును. తోడబడుట ఇచ్చట, త్రాగబడుట అచ్చట. ఈ భారమును ఎవరి ఖాతాలో వ్రాయవలెను? పర్యావరణముపై మానవ భారమును కొలువ బూనిన భూగోళ శాస్త్రజ్ఞునికి పరికరముల కొఱత కన్న ముందుగా అడ్డుపడునది ఈ ఖాతా చిక్కే.

మనుష్యుడు భూమిని మార్చివేయుచున్నాడను మాటను గ్రంథరూపమున గట్టిగా చెప్పినవారిలో అమెరికా దేశీయుడగు జార్జి పెర్కిన్స్ మార్ష్ ముఖ్యుడు. 1864లో వెలువడిన ‘మానవుడు, ప్రకృతి’ యను గ్రంథమున ఆయన మధ్యధరా సముద్ర తీరపు కొండలు అడవులు పోగొట్టుకొని ఎట్లు బోడులైనవో, వాని మట్టి నదులలోనికి ఎట్లు దిగిపోయినదో వర్ణించెను. వర్ణించుట వేఱు, కొలుచుట వేఱు. 1970ల తొలినాళ్ళలో పాల్ ఎర్లిక్, జాన్ హోల్డ్రెన్, బారీ కామనర్ అనువారల వాదోపవాదముల నుండి ఒక గుణకారము పుట్టినది: జనసంఖ్యను, తలసరి అనుభోగమును, ఆ అనుభోగమును సమకూర్చు సాంకేతిక విధానపు వ్యయమును హెచ్చవేసినచో వచ్చునది భారమని దాని తాత్పర్యము. వాదనలో నెదుటివానిని నిలువరించుటకు ఇది పనికివచ్చు సూత్రమే. కాని దీనికి ఊరు పేరు లేదు. జనము హైదరాబాదులో, అనుభోగము వేఱొక రాష్ట్రపు భోజనశాలలో, సాంకేతిక విధానము మిర్యాలగూడ మిల్లులో, నష్టము పెద్దవూర బావిలో నున్నప్పుడు ఈ మూడంకెలను ఏ గ్రామపు పేర హెచ్చవేయుదుము? ఊరు పేరు లేని సంగతితో భూగోళ శాస్త్రజ్ఞునికి తృప్తి కలుగదు.

అందుచేత అతడు ముందుగా పటము విప్పును. అంగుళమునకు మైలు చొప్పున సర్వే ఆఫ్ ఇండియా వారు పూర్వము గీసిన పటములలో చెఱువులు, కుంటలు, వాగులు, బండిబాటలు, పొద అడవులు అన్నియు నుండును. తరువాతి కాలమున 1:50,000 పరిమాణమున గీయబడిన పటమును దాని ప్రక్క నుంచినచో, రెండింటి నడుమ ఒక లోయకు లోయయే అదృశ్యమై యుండును. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట, 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిన నాటికి, ఇక్ష్వాకుల విజయపురిని, దానితో పాటు ఎన్నో పల్లెలను తన కడుపులో దాచుకొన్నది. పురావస్తు శాఖ వారు నీరు వచ్చునంతలోపల త్రవ్వి తీసిన శిథిలములు మాత్రము కొండమీదికి, నేడు ద్వీపమైన దానిమీదికి, చేరినవి. పాత పటము లేకున్నచో ఈ మార్పు ఎంతటిదో నిరూపించుట కష్టము. కొలత కెప్పుడును ఒక ‘మునుపు’ కావలెను.

పటము తరువాత పహాణీ. నిజాము కాలపు పరిపాలన నుండి మనకు సంక్రమించిన తరి, ఖుష్కి, ఆబి, తాబి, బంచరాయి, శిఖము మున్నగు మాటలు ఒట్టి పన్నుల పరిభాష యని త్రోసివేయరాదు. అవి నేలపై మనుష్యుడు వేయు బరువును తరతరములుగా వ్రాసి పెట్టిన లిపి. బంచరాయి తఱిగి సాగుభూమి పెరిగినచో పశువులకు మేత చోటు తఱిగినదని గ్రహింపవలెను. చెఱువు శిఖములో సేద్యము మొదలైనచో చెఱువు నిండుట మానినదని గ్రహింపవలెను. ఖుష్కి యని వ్రాయబడిన సర్వే నంబరులో వరి పండుచున్నచో అచ్చట నొక బోరు దిగినదని గ్రహింపవలెను. లోపములును లేకపోలేదు. చావడిలో కూర్చుండి నిరుటి పహాణీని ఈ యేటి పహాణీగా ఎత్తివ్రాసిన సంఘటనలు ఎఱుగని పల్లె యున్నదా? అందుకే పరిశోధక విద్యార్థి కాగితము పట్టుకొని గట్టు గట్టునకు తిరుగును, వానిని చూచిన రైతు “ఏం సారూ, మళ్ళ సర్వేనా? పోయినసారి రాసుకపోయినోళ్ళు ఏం జేసిండ్రు?” అని యడుగక మానడు. ఆ ప్రశ్నకు శాస్త్రములో సమాధానము లేదు.

కాలక్రమమున పోల్చిచూచుటకు ఇంకొక ప్రతిబంధకము కలదు. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2016 అక్టోబరు 11వ తేదీన నల్లగొండ జిల్లా మూడుగా విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేఱు జిల్లాలైనవి. కోదాడ, సూర్యాపేట ఒక లెక్కలోను, మిర్యాలగూడ, పెద్దవూర ఇంకొక లెక్కలోను చేరినవి. నేలమీద ఒక్క గుంటయు కదలకున్నను జిల్లా సగటులు మాఱిపోవును. ఎల్లలను జరిపినచో ఫలితము జరుగునను ఈ దోషమును స్టాన్ ఓపెన్‌షా యను ఆంగ్ల భూగోళ శాస్త్రజ్ఞుడు 1984లో విపులముగా చర్చించెను. గ్రామపు ఎల్ల మాత్రము సాధారణముగా చెదరదు గనుక, ఓపిక గలవాడు గ్రామములను మూలకముగా తీసికొని మఱల కూడుకొని వచ్చును.

పటమును పహాణీని పట్టుకొని గుంట గుంటకు తిరుగువాని కష్టమును 1972 జూలై 23వ తేదీ కొంత తేలికపఱచినది. నాడు అమెరికావారు ఆకాశమున కెక్కించిన ల్యాండ్‌శాట్ ఉపగ్రహము, అటుపై 1988 మార్చి 17న మనదేశము పంపిన ఐఆర్ఎస్–1ఏ, పైనుండి నేలను చతురస్రములుగా విభజించి చూచినవి. తొలి ల్యాండ్‌శాట్ కంటికి ఒక్కొక్క చతురస్రపు భుజము సుమారు 80 మీటర్లు, అనగా ఎకరమున్నర పైచిలుకు. తరువాతి వానికి 30 మీటర్లు, అనగా తొమ్మిది గుంటల కించుక తక్కువ. నేటి యూరోపు దేశముల సెంటినెల్–2 ఉపగ్రహమునకు 10 మీటర్లు. నూఱు చదరపు మీటర్లన్నచో దాదాపుగా మన ఒక గుంట! పట్వారి గొలుసు ఎక్కడ ఆగినదో, ఉపగ్రహపు చూపును నలుబదేండ్లు దాటిన పిమ్మట అక్కడికే వచ్చి ఆగినదని తలచినప్పుడు నాకు నవ్వు వచ్చును.

ఉపగ్రహము పచ్చదనమును కొలుచు విధము సరళమైనది. ఆకు తన ఆహారమును వండుకొనుటకు ఎఱ్ఱని కాంతిని మ్రింగివేయును. కంటికి కానరాని సమీప పరారుణ కాంతిని మాత్రము వెనుకకు త్రిప్పికొట్టును. ఈ రెండు ప్రతిఫలనముల భేదమును వాని మొత్తముచే భాగించినచో ఒక సంఖ్య వచ్చును. అది నీటిపై సున్నకు దిగువను, వట్టి నేలపై సున్నకు కొంచెము ఎగువను, దట్టముగా పొట్టకు వచ్చిన వరిపై ఒకటికి చేరువగను ఉండును. హైదరాబాదు బాలానగరములోని జాతీయ దూరసంవేదన కేంద్రము వంటి సంస్థలు ఇట్టి గణితముతోనే పంటల పటములను రచించుచుండును. యాసంగి కాలమున కాలువకు నీరు విడిచిన సంవత్సరపు చిత్రమును తీసి చూచినచో, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ సీమల గుండా పోవు సాగర్ ఎడమ కాలువను ప్రత్యేకముగా గీయ నక్కఱయే లేదు: కాలువకు దిగువ నంతయు నిండు పంట, ఎగువ నంతయు మోడువారిన నేల, నడుమ వంకర తిరిగిన గీత తానుగా కనబడును. కృత్రిమ వర్ణ చిత్రములలో పైరు ఎఱ్ఱగా నుండును గనుక ఆ ఆయకట్టు రక్తము కారిన వస్త్రమువలె నుండును. తొలిసారి చూచినవారు పచ్చని పొలమేదని వెదకికొందురు.

ఇంతటితో కొలత ముగిసినదనుకొనుట పొరపాటు. పచ్చదనము పెరిగినదన్నచో ప్రకృతిపై భారము తగ్గినదా, పెరిగినదా? చల్కనేలలో పెరుగు గడ్డికన్న, చిట్టడవికన్న, నీరు ఎరువు త్రాగిన రెండు కార్ల వరి ఎక్కువ జీవపదార్థమును పుట్టించును. కాని ఆ పుట్టినదానిలో గింజయు, గడ్డియు, చివరకు ఊకయు మనుష్యుడే కొనిపోవును. పురుగునకు, పిట్టకు, జింకకు మిగులునది బహుస్వల్పము. అందుచేత శాస్త్రజ్ఞులు పచ్చదనమును గాక, మొక్కలు ఏటేట పుట్టించు సంపదలో మనుష్యుని వాటా యెంత యని లెక్కింప నారంభించిరి. 1986లో పీటర్ విటౌసెక్, ఆయన సహచరులు భూమిమీద మొక్కలు పుట్టించు సంపదలో దాదాపు 40 శాతము మనుష్యుని వశమైనదని తేల్చిరి. 2007లో హెల్ముట్ హాబెర్ల్ బృందము అది సుమారు 24 శాతమనినది. ఇరువది యేండ్లలో మనుష్యుడు వైరాగ్యము పొందెనా? లేదు. వశమగుట అను మాటకు వారిరువురు గీసిన హద్దులు వేఱు. తిన్నది మాత్రమే లెక్కింతుమా, తినుటకై తగులబెట్టినదియు, పట్టణము కట్టుటచే పుట్టకుండ పోయినదియు లెక్కింతుమా? జిల్లా ఎల్లను జరిపినట్లే, మాట ఎల్లను జరిపినను అంకె జరుగును.

ఇక భూగర్భమునకు దిగుదము. పెద్దవూర వంటి సీమలకు ఇదియే ప్రాణాధారము. ఇచ్చటి అడుగున నున్నది గ్రానైటు రాయి. ఇసుకనేలవలె నీటిని కడుపునిండ త్రాగునది కాదు. తడిసిన రాయిని వంచినచో తనంతట తాను జార్చు నీటి పాలును శాస్త్రజ్ఞులు విశిష్ట దిగుబడి యందురు. చివికిన రాతి పొరలలో అది నూటికి ఒకటి మొదలు మూడు వఱకు మాత్రమే యుండును. ఒక చదరపు కిలోమీటరు, అనగా 247 ఎకరముల నేల తీసికొందము. వానకాలమున అందలి బావులలో నీరు నాలుగు మీటర్లు పైకెక్కినదనుకొందము. విశిష్ట దిగుబడి రెండు శాతమైనచో ఆ వానవలన చేరిన నీరు 80,000 ఘనపు మీటర్లు. యాసంగి వరికి నాటు మొదలు కోత దాక 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టినచో ఎకరమునకు సుమారు 4,850 ఘనపు మీటర్లు కావలెను. భాగించి చూడుడు: 247 ఎకరములలో పదునాఱెకరముల వరికి ఆ నీరు చెల్లు! మడిలో ఇంకిన దానిలో కొంత మఱల క్రిందికి దిగునను మాట నిజమే. దానిని కలిపినను ముప్పది యెకరములు దాటుట దుర్లభము. తక్కిన బోర్లవారు అప్పుడేమి చేయుదురు? ఇంకొక నూఱడుగులు దించుదురు.

కేంద్ర భూగర్భజల సంస్థయు రాష్ట్ర శాఖయు ఈ గణితమునే విస్తరించి ప్రతి మండలమునకును చేయుదురు. చేరిన నీటిలో తోడినది నూటికి డెబ్బది లోపుగా నున్నచో నిశ్చింతయనియు, తొంబది దాటినచో సంకటమనియు, నూఱు మించినచో మితిమీరిన వాడకమనియు పేర్లు పెట్టిరి. ఇందులో విచిత్రమేమనగా, కాలువకు దిగువను ఎగువను రోగములు పరస్పర విరుద్ధములు. ఆయకట్టులో కాలువ నీరు మడులనుండి దిగి దిగి భూగర్భజలము వేళ్ళకంటి వచ్చును. మురుగు పోవు దారి లేని పల్లములలో ఉప్పు పేరుకొని చవుడు తేలును. ఆయకట్టు వెలుపలనో, బావి యెండి, బోరు దిగి, దానికిని నీరందక, పంపు బయట పడియుండును. రెండింటి సగటు తీసినచో భూగర్భజలము చక్కగా నున్నదను ముచ్చటైన అంకె యొకటి చేతికి వచ్చును! తల పొయ్యిలోను కాళ్ళు మంచుగడ్డపైనను పెట్టుకొన్నవాని ఒడలి వేడిమి సగటున సరిపోయినట్లు.

బోరు లోతుకు పోయిన కొలది నీరు రాతితో ఎక్కువ కాలము కాపురము చేసినదై యుండును. ఆ రాతిలోని ఫ్లోరైడు దానిలో కరగును. తెలుగు నేలపై ఈ రోగమును వైద్యులు 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వ్రాసిరి; నల్లగొండను గూర్చియు 1950లలో వైద్య పత్రికలలో వ్రాతలు వెలువడినవి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని హద్దు. ఈ హద్దు మీరిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవాని పళ్ళపై గోధుమరంగు గారలును, తరువాత వంగని వెన్నును, చాపరాని కాళ్ళును సాక్ష్యము చెప్పును. భూగోళ శాస్త్రజ్ఞుడు సామాన్యముగా మనుష్యుడు ప్రకృతిపై వేసిన బరువును కొలుచును; ఇచ్చట ఆ బరువు తిరిగి వచ్చి మనుష్యుని ఎముకలలో వ్రాయబడినది. పటికను, సున్నమును కలిపి నీటినుండి ఫ్లోరైడును విడదీయు పద్ధతిని నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ వారు రూపొందించి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు పెట్టిరి. మన జిల్లా పేరు ప్రపంచపు పాఠ్యగ్రంథముల కెక్కిన త్రోవ ఇది. గర్వింపవలెనో దుఃఖింపవలెనో తెలియదు.

జలాశయపు అడుగున సయితము ఒక ఖాతా పుస్తకము కలదు, దానిని విప్పుట ఓర్పుగల పని. పడవకు ప్రతిధ్వని యంత్రమును కట్టి, నీటిపై అడ్డముగా నిలువుగా తిరిగి, శబ్దము అడుగును తాకి మఱలి వచ్చుటకు పట్టు కాలమునుబట్టి లోతు తెలిసికొని, తొలినాటి లోతులతో పోల్తురు. కట్టిననాడు 590 అడుగుల మట్టమున 408.24 టీఎంసీలు పట్టునని లెక్కించిన సాగరము, 2009 నాటి కొలత ననుసరించి 312.05 టీఎంసీలు మాత్రమే పట్టుచున్నదని తేలినది. తక్కినది మట్టి. ఆ మట్టి యెక్కడిది? పెద్దవూర దున్నకము నుండి వచ్చినది దానిలో పిడికెడు కూడ ఉండదు. కృష్ణా నదికి నీరిచ్చు పరీవాహము 2,58,948 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలో చెఱకు తోటయు, కర్ణాటకలో జొన్నచేనును, ఎచ్చటనో నరకబడిన గుట్టయు వానతో కొట్టుకొని వచ్చి ఇచ్చట విశ్రమించినవి. ఎగువ శ్రీశైలము నిండిన పిమ్మట ఆ మట్టిలో ఎక్కువ పాలు అచ్చటనే ఆగుచున్నది. ఎవరి పాపము ఎవరి గిన్నెలో పడినదో ప్రతిధ్వని యంత్రము చెప్పలేదు. బరువును మాత్రము చెప్పును.

మఱల పుట్టంగండికి వత్తము. ఎలిమినేటి మాధవరెడ్డి పేర నేర్పడిన ఎత్తిపోతల పథకము సాగరపు నీటిని అక్కంపల్లి జలాశయమునకు చేర్చును. అచ్చటినుండి కొంత పొలములకు, కొంత కోదండాపురమున శుద్ధియై నగరమునకు పోవును. 2004లో మొదటి దశ, 2008లో రెండవది, 2015లో మూడవది పూర్తియగుటతో కృష్ణనుండి హైదరాబాదునకు కేటాయించిన నీరు ఏటికి 16.5 టీఎంసీలు. పైని చెప్పిన యాసంగి వరి లెక్కతో చూచినచో ఒక టీఎంసీ సుమారు 5,800 ఎకరములకు సరి. అనగా నగరము త్రాగునది దాదాపు 96,000 ఎకరముల వరి మడి. దాహమును పొలముతో పోల్చరాదని యెవరైన నాక్షేపింపవచ్చును, ఒప్పుకొందును. పోలిక దోషారోపణకు గాదు, పరిమాణము కంటికి కట్టుటకే.

నగరపు భారమును కొలుచుటకు ఇంతకన్న సులభమైన కొలబద్ద యొకటి నాకు తోచుచున్నది: అది నీటికై నడిచిన దూరము. 1908 సెప్టెంబరులో మూసీ వరదలు నగరమును ముంచిన తరువాత కట్టిన ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియై, నగరము తన ముంగిట నీటినే త్రాగినది. 1965లో మంజీరకు పోవుటతో ఆ దూరము సుమారు అఱువది కిలోమీటర్లైనది, 1990లలో సింగూరు, 2004లో కృష్ణ, నూటికి పైబడి, 2015లో ఎల్లంపల్లినుండి గోదావరి, సుమారు నూట యెనుబది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు భూగోళ శాస్త్రజ్ఞుడు షా మంజూర్ ఆలం జంటనగరములపై తన ప్రసిద్ధ గ్రంథమును వెలువరించినది కూడ 1965లోనే. నాటి నగరపు పటము ఒక పుటలో ఇమిడినది. నేటి నగరపు నీటి పటము గీయవలెనన్నచో రాష్ట్రమంతటి కాగితము కావలెను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున విలియం రీస్, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్ 1990లలో ప్రచారమునకు తెచ్చిన పర్యావరణ పాదముద్ర యను భావము ఇట్టిదే: నగరము నిలిచిన చోటును గాక, దానిని నిలిపియుంచుటకు ఎంత నేల పాటుపడవలెనో ఆ నేల నంతటిని లెక్కింపుడని వారనిరి. ఆ లెక్క ప్రకారము పెద్దవూర మండలపు అంచు కూడ హైదరాబాదులో నొక పేటయే.

నీరు ఒక్కటే వలస పోవుట లేదు. మిర్యాలగూడ చుట్టును వరుసలు దీరిన మిల్లులలో వడ్లను ఉడికించి, ఆరబోసి, ఆడించి ఉప్పుడు బియ్యముగా చేయుదురు. ఊకను బాయిలర్లలో కాల్తురు. బూడిద ఆరవేసిన బట్టలపై వ్రాలును. చిత్రమేమనగా ఈ సీమవారికి ఉప్పుడు బియ్యము రుచింపదు. అది కేరళము మొదలైన చోట్లకు పోవును. టోనీ ఆలన్ అను ఆంగ్లేయుడు ధాన్యములో దాగి ప్రయాణించు నీటికి 1990లలో ఒక పేరు పెట్టెను. నెదర్లండ్సు వాడగు ఆర్యెన్ హూక్‌స్ట్రా 2002 నుండి దానిని లెక్కలలోనికి దింపెను. కిలో బియ్యమునకు ప్రపంచపు సగటున సుమారు 2,500 లీటర్లని వారి లెక్క. మన మడిలో పరీక్షింతము: ఎకరమునకు 4,850 ఘనపు మీటర్లు పెట్టి ఇరువదియైదు క్వింటాళ్ళ వడ్లు, అందు నూటికి అఱువదియైదు వంతున బియ్యము వచ్చినచో, కిలోకు మూడు వేల లీటర్లకు ఒకించుక తక్కువ. కొట్టాయంలో పళ్ళెమునందలి అన్నము క్రింద మన కాలువ పారుచున్నది.

ఇన్ని కొలతలు వేఱువేఱుగా నున్నవి గదా, అన్నిటిని కలిపి ఒక్క పటము చేసినచో నేమని తలంచినవారును కలరు. 2002లో ఎరిక్ సాండర్సన్ బృందము కట్టడములు, సాగు, జనసాంద్రత, రోడ్లు, రైలుదారులు, రాత్రి దీపములు మున్నగువానికి మార్కులు వేసి, ఒకదానిపై నొకటి పేర్చి, ప్రపంచపు నేలలో 83 శాతముపై మనుష్యుని అడుగు పడినదని చెప్పెను. 2016లో ఆస్కర్ వెంటర్ బృందము అదే పద్ధతిని సవరించి, 1993 నుండి 2009 దాక జనసంఖ్య 23 శాతమును, ఆర్థిక వ్యవస్థ 153 శాతమును పెరుగగా ఈ అడుగుజాడ 9 శాతమే పెరిగినదని వ్రాసెను. ఈ పటములు అందమైనవి, గోడకు తగిలించుకొనదగినవి. కాని అదే పద్ధతితో నేడు పటము గీసి మన సీమను అందులో వెదకినచో నేమి కనబడును? దామరచర్ల మండలము వీర్లపాలెమున వెలసిన 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రపు దీపములు కనబడును. మేళ్ళచెరువు, మఠంపల్లి సీమల సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారములు కనబడును. కోదాడ సూర్యాపేటల గుండా విజయవాడకు పోవు రహదారి కనబడును. భూమిలో పూడ్చిన హైదరాబాదు గొట్టము కనబడదు. ఎముకలోని ఫ్లోరైడు కనబడదు. దీపము వెలుగని భారమునకు అందులో మార్కులు లేవు.

రానున్న భారమును ముందుగా కొలుచుట ఇంకను కఠినము. లంబాపురము, పెద్దగట్టు కొండలలో పాత గ్రానైటు రాయికిని దానిపై పఱచుకొన్న శ్రీశైలపు రాతి పొరకును నడిమి సందున యురేనియము కలదని కనుగొని, 2000ల తొలి సంవత్సరములలో గనులు త్రవ్వుటకు ప్రతిపాదించినప్పుడు ప్రజలు తీవ్రముగా ప్రతిఘటించిరి; నేటివఱకు అచ్చట గని వెలువడలేదు. ఇట్టి పథకముల ప్రభావమును మదింపు చేయునప్పుడు పథకస్థలము కేంద్రముగా పది కిలోమీటర్ల వ్యాసార్ధముతో వృత్తము గీసి అందలి నీటిని, గాలిని, చెట్టును, మనుష్యుని పరిశీలించుట వాడుక. వృత్తము గీయుట సుళువు. కాని నీరు వృత్తములో పారదు, పల్లమునకు పారును; నగరమునకు నీరిచ్చు అక్కంపల్లి ఆ కొండలకు పొరుగు. గొట్టము చివర నున్న నగరమును వృత్తములోనిదనవలెనా, వెలుపలిదనవలెనా?

గొట్టముగుండా పోయిన నీరు ఏమగునని యెవరును సాధారణముగా నడుగరు. నగరమున కందిన నీటిలో నూటికి ఎనుబది వంతులు మురుగై తిరిగి వచ్చునని ఇంజనీర్ల అంచనా. శుద్ధియైనది కొంత, కానిది కొంత, అది మూసీలో పడును. అనంతగిరి కొండలలో పుట్టిన ఆ యేఱు హైదరాబాదు దాటునప్పటికి నురుగులు క్రక్కును. దిగువ పారాగడ్డి పెంచువారు, వరి పండించువారు కత్వలు కట్టి ఆ నీటినే మళ్ళింతురు, అందలి నత్రజనిచే ఎరువు ఖర్చు కొంత కలిసి వచ్చునందురు. ఒక్కొక్క కత్వ వెనుక నీరు నిలిచి మడ్డి దిగి, కత్వమీద దూకునప్పుడు గాలి కలిసి, మైలు మైలునకు కొంత తేరుకొనునని ఈ నదిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు చూపిరి. కరగిన ఉప్పు మాత్రము దిగదు, ఎండకు నీరు ఆవిరియైన కొలది చిక్కబడును. సూర్యాపేటకు చేరువనున్న మూసీ ప్రాజెక్టు అట్టి నీటినే పట్టి పొలములకిచ్చును. మిగిలినది దామరచర్ల దిక్కునకు సాగి, వాడపల్లిలో అగస్త్యేశ్వరుని గుడి ముందర, కృష్ణలో కలియును. పుట్టంగండిలో కృష్ణను విడిచిన నీరు నగరము చుట్టి, సాగరమునకు దిగువ, మఱల కృష్ణను చేరినది.

ఆ సంగమపు రేవులో, తీర్థమాడువారికి కొంత యెడముగా, నది కొలుచువాడు నడుము లోతున నిలిచి సీసాను నీటిలో ముంచును. గాలి బుడగ చొరకుండ మూత బిగించి, చీటీమీద తేదీని, వేళను, నీటి వేడిమిని వ్రాసి, మంచుగడ్డల పెట్టెలో పెట్టును. ప్రయోగశాలలో ఆ సీసా 27 డిగ్రీల వేడిమిలో, చీకటిలో, మూడు దినములుండవలెను. ఆ మూడు దినములలో అందలి సూక్ష్మజీవులు మురుగును తినుటకు ఎంత ప్రాణవాయువును వాడుకొనెనో దానినిబట్టి నీటి గుణము తేలును. లీటరునకు మూడు మిల్లీగ్రాములు మించినచో స్నానమునకు తగదని నియమము. సీసా చీకటిలో నుండగానే, రేవులో దానికి ఇరుప్రక్కల నుండిన నీరు దిగువ పులిచింతలవైపు సాగిపోవును. మూడవ నాడు అంకె వ్రాయబడునప్పటికి ఆ నీరు వాడపల్లిలో నుండదు.